స్థూలకాయమును గూర్చిన నింద

1862 లో లండను నగరమున విలియం బాంటింగ్ అను పెద్దమనిషి యుండెను. వయస్సు 66 ఏండ్లు, ఎత్తు 5 అడుగుల 5 అంగుళములు, బరువు 202 పౌనులు, అనగా సుమారు 92 కిలోలు. అంత్యక్రియలకు ఏర్పాట్లు చేయుట అతని వృత్తి. రాజకుటుంబమునకు కూడ ఆ పనిని అతని కుటుంబమే చేసెడిది. అతడు వంగి తన బూట్ల తాళ్ళను తాను కట్టుకొనలేడు. మెట్లు దిగవలసివచ్చినపుడు వెనుకకు తిరిగి, ఒక్కొక్క మెట్టే దిగెడివాడు.

1863 లో అతడు స్వంత ఖర్చుతో ఒక చిన్న పుస్తకమును అచ్చువేయించి పంచిపెట్టెను. అందులో శరీర బాధలే గాక మరియొక బాధను కూడ చెప్పెను. సభలలో, బండ్లలో, వీధులలో జనులు విసరు ఎత్తిపొడుపు మాటలకు వెరచి లావుపాటి మనిషి నలుగురిలోనికి పోవుటయే మానుకొనునట. బాంటింగ్ సోమరి కాడు. తెల్లవారుజామున పడవ నడపెను. కండలకు బలము వచ్చెను గాని దానితో ఆకలియు పెరిగెను. మందులు, ఆవిరి స్నానములు, సముద్రపు గాలి, అన్నియు అయినవి. చివరకు చెవుడు వచ్చుచున్నదని హార్వే అను చెవి వైద్యుని వద్దకు పోగా, ఆయన రొట్టె, వెన్న, పాలు, పంచదార, బీరు, బంగాళాదుంపలు మానిపించెను. (రక్తప్రసరణమును నిరూపించిన హార్వే ఈయన కాదు, ఆయన 1657 లోనే గతించెను.) ఏడాదిలో 46 పౌనులు తగ్గినవి. చెవియు బాగుపడెను.

పుస్తకము విశేషముగా వ్యాపించెను. బాంటింగ్ పేరే బరువు తగ్గించుకొనుటకు ఇంగ్లీషులో క్రియాపదమైనది. స్వీడిష్ భాషలో నేటికిని ఆ మాట వాడుకలో ఉన్నది. వైద్యుడు కానివానికి ఈ పెత్తనమేమని కొందరు వైద్యులు ఆక్షేపించిరి. హాస్యపత్రికలకు అతడు వేళాకోళమైనాడు. ఎగతాళిని గూర్చి మొరపెట్టుకొన్నవానికి దక్కినది మరికొంత ఎగతాళియే!

ఈ కథనుండి లోకము తీసికొన్న పాఠము కూడ సరియైనది కాదు. ఒకడు తగ్గినాడు గనుక తగ్గనివారిదే దోషమను భావము బలపడెను. 1961 లో రిచర్డ్‌సన్, అతని సహచరులు ప్రకటించిన పరిశోధన చూడుడు. అమెరికాలో 10, 11 ఏండ్ల పిల్లలకు ఆరు బొమ్మలు చూపి, ఇష్టమైన వరుసలో పెట్టమనిరి. ఒక బొమ్మలో ఆరోగ్యవంతుడైన బిడ్డ. తక్కినవానిలో ఊతకర్రలతో ఒకరు, చక్రాల కుర్చీలో ఒకరు, చేయి లేనివారొకరు, ముఖము వికృతమైనవారొకరు, లావుపాటివారొకరు. లావుపాటి బిడ్డకు చివరి స్థానము లభించెను. అంగవైకల్యము దురదృష్టమట, లావు మాత్రము తిండిపోతుతనమట! పెద్దల మాటలు పిల్లలకు ఎంత త్వరగా అబ్బును! నలుబది ఏండ్ల తరువాత మరల పరీక్షింపగా ఈ వైముఖ్యము తగ్గకపోగా మరింత పెరిగెను.

ఈలోగా విజ్ఞానము వేరొక దారిని పోవుచుండెను. 1986 లో డెన్మార్కు దేశమున దత్తతకు పోయిన 540 మంది బరువులను స్టంకర్డ్ బృందము పరిశీలించెను. అవి కన్నవారి బరువులను పోలియుండెను గాని, ఎవరి ఇంట తిని పెరిగిరో ఆ పెంచినవారి బరువులను పోలలేదు. 1994 లో న్యూయార్కులో ఫ్రీడ్‌మన్ బృందము ఎలుకలలో ఒక జన్యువును పట్టుకొనెను. దాని వలన కొవ్వు కణములలో లెప్టిన్ అను హార్మోను తయారగును. నిలువ ఎంత ఉన్నదో మెదడునకు తెలుపునది ఇదియే. 1997 లో ఇంగ్లండులో ఇది లేని ఇద్దరు పిల్లలు కనబడిరి. ఎనిమిదేండ్ల బాలిక బరువు 86 కిలోలు, దాదాపు బాంటింగ్ బరువు! ఎంత తినినను ఆకలి తీరదు. లెప్టిన్ సూదిమందు ఇచ్చిన ఏడాదిలో ఆమె 16 కిలోలకు పైగా తగ్గెను.

ఇట్టి లోపము మిక్కిలి అరుదు. స్థూలకాయులలో అధికసంఖ్యాకులకు లెప్టిన్ సమృద్ధిగనే ఉండును. మెదడు దానిని లెక్కచేయదు. అతిబరువు మధుమేహమునకు, రక్తపోటునకు దారితీయుననుటయు నిజమే. కాని నిందించిన తగ్గుదురా? 2013 లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో 6,157 మందిని నాలుగేండ్లపాటు గమనించిరి. ఆరంభమున స్థూలకాయులు కానివారిలో, బరువును బట్టి తమకు వివక్ష జరిగినదని చెప్పినవారు తరువాత స్థూలకాయులగు అవకాశము, తక్కినవారికంటె సుమారు రెండున్నర రెట్లు అధికముగ ఉండెను.