తాత పేరు మనవడికి

ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు పోయాక, కొడుకు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో విజయపురిలో ఒక స్మారక స్తంభం లేచింది. నేటి నాగార్జునకొండలో, క్రీస్తుశకం మూడో శతాబ్దంలో జరిగిన సంగతి ఇది. అలాంటి రాళ్లను ఛాయాస్తంభాలు అంటారు. దాన్ని నిలబెట్టింది ఎవరో కాదు, ఆ ఇంటి ఆడవాళ్లే. రాజుగారి తల్లులు, అక్కచెల్లెళ్లు, భార్యల పేర్లు వరసగా ప్రాకృతంలో చెక్కించారు. అశ్వమేధం చేసినవాడని, ఆవులను, బంగారాన్ని దానమిచ్చినవాడని ఇక్ష్వాకు శాసనాలు ఆయన్ని పొగుడుతాయి. రాజుల పొగడ్తలు కాస్త తగ్గించి చదువుకోవాలి లెండి. ఆ పేర్ల జాబితా మాత్రం అచ్చంగా ఇంటి మనుషుల దుఃఖమే.

నాగార్జునకొండ లోయలో ఇలాంటి రాళ్లు యుద్ధంలో పడిపోయిన సైనికులకూ ఉన్నాయి.

వీరపురుషదత్తుడి కొడుక్కి పెట్టిన పేరు ఎహువుల చాంతమూలుడు. తాత పేరే! తెలుగు ఇళ్లలో ఈ ఆనవాయితీ నేటికీ ఉంది. దాంతో ఒక చిక్కు కూడా ఉండేది. మామగారి పేరు కోడలు పలకకూడదాయె, కన్నకొడుకును పేరు పెట్టి పిలిచేదెలా? అందుకే ఆ పిల్లవాడు బడిలో చేరేదాకా బుజ్జిగానో చిన్నోడుగానో పెరిగేవాడు.

1950లలో నాగార్జునసాగర్ ఆనకట్ట కింద ఆ లోయ మునిగిపోతుందని తెలిసి పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. దొరికిన శిల్పాల్లో చాలావాటిని కొండపైకి చేర్చింది. ఇప్పుడదే ద్వీపం, అక్కడి మ్యూజియానికి లాంచీలో వెళ్లాలి.