అచ్చంపేట నల్లమల కాలిబాటలు

నాగర్‌కర్నూల్ జిల్లా అచ్చంపేటకు దక్షిణాన నల్లమల కొండలు మొదలవుతాయి. శైవ తీర్థాలనూ చెంచు గిరిజనుల ఊళ్లైన పెంటలనూ కలుపుతూ ఈ కొండల్లో సాగే అడవి దారులు ఈ వ్యాస విషయం. వీటిలో చాలా భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఉంది. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యంగా ప్రకటించి, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చిన అడవి ఇది. రాష్ట్ర విభజన తర్వాత కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం తెలంగాణకు వచ్చి, 2015లో అమ్రాబాద్ పేరుతో వేరే అభయారణ్యమైంది. దీని విస్తీర్ణం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. లోపల పులులతో పాటు మనుషులూ నివసిస్తున్నారు. ఇక్కడి బాటల్లో వినోదం కోసం వేసినవి తక్కువ. తేనెకు, దుంపలకు, నీళ్లకు చెంచులు నడిచిన తోవలు కొన్ని, శ్రీశైల యాత్రికులు నడిచినవి కొన్ని. వీటి గురించి తెలుసుకోవాలనుకునేవారు ముందు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి.

రెండు రాళ్ల నేల

కల్వకుర్తి నుంచి అచ్చంపేట వైపు వచ్చే దారిలో కనిపించేదంతా గ్రానైటు. చేల మధ్య ఒకదానిమీదొకటి నిలిచిన గుండ్లు, వాన పడితే మెరిసే పరుపుబండలు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు. ఈ రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. హాజీపూర్ చౌరస్తా దాటగానే ఎదురుగా గోడలా లేచే కొండ మాత్రం వేరే జాతిది. అది క్వార్ట్‌జైట్. ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి ఏర్పడిన రాయి. జొన్నరొట్టెలు దొంతిగా పేర్చినట్టు పొరలు పొరలుగా పాత గ్రానైటు మీద కూర్చుంది. గ్రానైటు ఎండకూ వానకూ పొరలు ఊడుతూ గుండ్రబడుతుంది; క్వార్ట్‌జైట్ అంచులు విరిగి నిలువు చరియలవుతుంది. కింద గుండ్లు, పైన చరియలు ఉండడానికి కారణం ఇదే.

నీటి సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. పైన పడిన వాన క్వార్ట్‌జైట్ పగుళ్లలోకి ఇంకి, చరియల పాదాల దగ్గర ఊటలుగా బయటికి వస్తుంది. ఎండాకాలంలోనూ తడి ఆరని ఆ చోట్లే తీర్థాలయ్యాయి. బాటలన్నీ వాటి వైపే పోతాయి. ఈ రెండు రాళ్లు కలిసే సరిహద్దులోనే యురేనియం కూడా ఉంటుంది. నల్లగొండ జిల్లా లంబాపూర్, చిత్రియాల్ ప్రాంతాల్లో దొరికిన నిల్వలు అలాంటివే. అమ్రాబాద్‌లోనూ వెదుకులాట జరగబోతోందని తెలిసినప్పుడు నల్లమల ఊళ్లు కదిలాయి. యురేనియం తవ్వకాలను వ్యతిరేకిస్తూ 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. అది సరైన తీర్మానం. ఈ పగుళ్లలో దిగే నీరు చివరికి చేరేది కృష్ణలోకే.

ఉమామహేశ్వరం

అచ్చంపేటకు దగ్గరలో, రంగాపూర్ గ్రామం మీదుగా చేరుకునే క్షేత్రం ఇది. శ్రీశైలానికి నాలుగు ద్వారాలుగా చెప్పే త్రిపురాంతకం, సిద్ధవటం, అలంపురం, ఉమామహేశ్వరాలలో ఇది ఉత్తర ద్వారం. కొండ కింద భోగమహేశ్వరం, పైన ముందుకు వంగిన చరియ నీడలో ఉమామహేశ్వరాలయం. ఇప్పుడు ఘాట్ రోడ్డు ఉన్నా, కింది నుంచి మెట్ల దారిన ఎక్కితేనే నేల మారడం కంటికి ఆనుతుంది. మొదట గుండ్లు, తర్వాత రాలిన పలకరాళ్లు, చివరికి తలమీద వేలాడే చరియ. గుడి పక్కన రాతి నుంచి ఊరే పాపనాశినిలో నీరు పట్టుకోకుండా యాత్రికులు వెనుదిరగరు. సంక్రాంతికి ఇక్కడ బ్రహ్మోత్సవాలు మొదలవుతాయి. అభయారణ్యం మూసి ఉండే వానాకాలంలో కూడా గుడి కోసం ఈ దారి తెరిచే ఉంటుంది కాబట్టి, కొత్తగా నడవబోయేవారికి దీన్ని మించినది లేదు.

సలేశ్వరం

ఈ ప్రాంతపు బాటలన్నిటిలో పేరున్నదీ, కష్టమైనదీ సలేశ్వరం. చైత్ర పౌర్ణమికి ముందూ వెనుకా కొద్దిరోజులు మాత్రమే అటవీశాఖ దీన్ని తెరుస్తుంది. మన్ననూరు దాటాక శ్రీశైలం రోడ్డు మీద ఫరహాబాద్ గేటు నుంచి రాంపూర్ పెంట దాకా వాహనాలు పోతాయి. అక్కడి నుంచి కాలినడకే. లింగాల వైపు నుంచి అప్పాయిపల్లి మీదుగా మరో దారి ఉంది. పాలమూరు పల్లెల జనం ఎక్కువగా అటు నుంచి వస్తారు.

పీఠభూమి మీద నడక సులువే. లోయ అంచుకు చేరాక అసలు దారి మొదలవుతుంది. రెండు కొండల మధ్య నిలువునా తెగిన లోతులోకి రాళ్లు పట్టుకుని దిగాలి. కొన్నిచోట్ల చరియ పక్కన ఒక్క మనిషి పట్టేంత వెడల్పే. దిగేవారూ ఎక్కేవారూ ఒకరికొకరు తప్పుకుంటూ, పోయేటప్పుడు ‘వస్తున్నం లింగమయ్యా’ అనీ, తిరిగేటప్పుడు ‘పోతున్నం లింగమయ్యా’ అనీ కేకలు వేస్తూ నడుస్తారు. అడుగున పైనుంచి దూకే జలధార, దాని కింద గుండం, పక్కన గుహలో లింగమయ్య. పూజ చేసేది చెంచులే. దేవుడికీ మొక్కేవాడికీ మధ్య అడవి మనిషి నిలబడే ఈ పద్ధతి ఇక్కడ ఈనాటికీ చెక్కుచెదరలేదు.

దీన్ని తెలంగాణ అమర్‌నాథ్ అని పత్రికలు రాస్తుంటాయి. ఆ పేరు వల్ల జనం పెరిగారు. చైత్రపు ఎండలో, ఊపిరాడని ఇరుకులో, గుండెజబ్బు ఉన్నవారికీ పసిపిల్లలకూ ఈ దిగుడు ప్రమాదమే. తెల్లవారుజామున బయలుదేరి, ఎండ ముదరకముందే లోయ నుంచి ఎక్కి రావడం క్షేమం.

ఇతర బాటలు

వటవర్లపల్లి నుంచి లోపలికి వెళ్తే మల్లెలతీర్థం వస్తుంది. జలపాతం దగ్గరికి మూడు వందలకు పైగా మెట్లు దిగాలి. వానలు పడ్డాక నీరు నిండుగా ఉంటుంది, వేసవిలో సన్నని ధారగా మారుతుంది. లొద్ది మల్లయ్య గుహకు తొలి ఏకాదశి నాడు జనం వెళ్తారు. ఫరహాబాద్ వ్యూ పాయింటు వరకు సఫారీ వాహనంలో పోవాలి. నిజాం కాలపు వేట బంగ్లా శిథిలాలు ఆ దారిలోనివే. దోమలపెంట దాటాక కొండలు కృష్ణ లోయలోకి దిగిపోతాయి.

పూలు

నల్లమల పూలకు రెండు కాలాలు. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలిన అడవిలో మోదుగ ఎర్రగా పూస్తుంది. రాతి చరియల మీద కొండగోగు ఒక్క ఆకు లేకుండా పెద్ద పసుప్పచ్చని పూలు విప్పుతుంది. తర్వాత ఇప్ప. రాత్రి రాలిన ఇప్పపూలను తెల్లారేసరికి ఏరుకోవాలి. ఎలుగుబంట్లూ వాటికోసమే వస్తాయి గనుక ఆ వేళ ఒంటరి నడక తగదు. ఎండలు ముదిరాక రేల పూస్తుంది.

రెండోది వానాకాలం. పొదల మీదికి పాకే నాభి తీగ ఎరుపు పసుపు కలిసిన పూలు పూస్తుంది. చూడాలే గాని తాకి నోట పెట్టుకోరాదు, దాని దుంప విషం. భాద్రపదం వచ్చేసరికి గ్రానైటు చెల్కల్లో గునుగు, గట్ల మీద తంగేడు విరగబూస్తాయి. బతుకమ్మకు పూలు తెచ్చేవారికి గుట్టల మధ్య ఏ బండ పక్కన గునుగు గుబురుగా ఉంటుందో కంఠతా తెలుసు. పై అడవి సఫారీలకూ నడకలకూ మూసి ఉండే కాలం ఇదే గనుక, పూల కోసం వచ్చేవారు కింది గ్రానైటు గుట్టలనూ ఉమామహేశ్వరం మెట్ల దారినీ ఎంచుకోవడం మేలు.

చెంచులు

అప్పాపూర్, మల్లాపూర్, రాంపూర్, ఫరహాబాద్, ఇలా పెంటల్లో ఉండే చెంచులను ప్రభుత్వం ప్రత్యేకంగా దుర్బలమైన గిరిజన సమూహంగా గుర్తించింది. మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ 1940లో అమ్రాబాద్ కొండల్లో వీరి మధ్య ఉండి పరిశోధించాడు. ఆ పరిశోధన 1943లో గ్రంథంగా వెలువడింది. చెంచులు శ్రీశైలం మల్లన్నను తమ ఇంటి అల్లుడిగా భావిస్తారు. చరియ మీది తేనెపట్టు తీసేవాడు తాడు పట్టుకుని వేలాడుతుంటే, పైన ఆ తాడును కాచేది బావమరిది. చెల్లెలి పసుపు కుంకుమలు ఆ చేతిలో ఉన్నాయన్న నమ్మకం. ఇక్కడి దారుల మీద ఏ పటంలోనూ లేనంత జ్ఞానం వీరిది. కోర్ ప్రాంతపు ఊళ్లను బయటికి తరలించే ఆలోచనలు నడుస్తున్న ఈ కాలంలో, దారి చూపే పనీ దాని కూలీ మొదట వీరికే దక్కాలి.

నడిచేవారికి

జులై 1 నుంచి సెప్టెంబరు 30 వరకు అభయారణ్యంలో పర్యాటకం ఆపేస్తారు. మిగతా నెలల్లో మన్ననూరులో అటవీశాఖ బస, సఫారీ, అనుమతించిన అడవి నడకలు దొరుకుతాయి. అనుమతి లేని తోవల్లో పోవడం నేరం. చిరుతలు, రేచుకుక్కలు, కణుజులు, దుప్పులు ఉన్న అడవి ఇది. గుంపు వదలకుండా, తెలిసినవారి వెంట, పగటిపూటే నడవాలి. మాఘం నుంచి వానలు పడేదాకా గడ్డి నిప్పుకు సిద్ధంగా ఉంటుంది. బీడీ, అగ్గిపుల్ల, వంట పొయ్యి ఏవీ వద్దు. ప్లాస్టిక్ నిషిద్ధం. మన్ననూరు చెక్‌పోస్టు నుంచి దోమలపెంట వరకు శ్రీశైలం రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు గనుక, సాయంత్రానికే అడవి దాటేలా తిరుగు ప్రయాణం పెట్టుకోవాలి.