కార్తేజి నగరమున ఇద్దరు బిషప్పులు

క్రీ. శ. 303వ సంవత్సరము మే నెల 19వ తేదీన ఉత్తరాఫ్రికాలోని సిర్తా నగరమున ఒక సోదా జరిగినది. నగరాధికారి మునాషియసు ఫెలిక్సు తన లేఖకులతో వచ్చి, క్రైస్తవులు కూడుకొను ఇంటిముందు నిలిచి, పవిత్ర గ్రంథములను తెచ్చి యిండని ఆజ్ఞాపించెను. ఆనాడు వ్రాసికొనిన జాబితా నేటికిని నిలిచి యున్నది. బంగారు పానపాత్రలు 2, వెండి పానపాత్రలు 6, వెండి దీపములు 7, స్త్రీల అంగీలు 82, పురుషుల అంగీలు 16, స్త్రీల పాదరక్షలు 47 జతలు, పురుషులవి 13 జతలు. ఈ బట్టలును చెప్పులును బీదలకు పంచుటకై కూడబెట్టినవై యుండవలెను. సోదా ముగియవచ్చు సమయమున, సంఘ పరిచారకులలో ఒకడగు సిల్వానసు అనువాడు ఒక కాగు వెనుకనుండి వెండి పెట్టెను, వెండి దీపమును తీసి అధికారుల చేతికిచ్చెను. ఈ సిల్వానసు పేరును శ్రోతలు గుర్తుంచుకొందురుగాక. అతడు మరల వచ్చును.

ఈ సోదాకు మూలము డయొక్లీషియను చక్రవర్తి ఆ సంవత్సరము ఫిబ్రవరిలో వెలువరించిన శాసనము. క్రైస్తవుల ప్రార్థనాలయములు కూల్చవలెను, వారి గ్రంథములు కాల్చవలెను. ఆఫ్రికాలో కొందరు గ్రంథములను ఇయ్యక ప్రాణములనే యిచ్చిరి. కొందరు ఇచ్చివేసిరి. మరికొందరు నడుమ దారి త్రొక్కిరి. ఒక బిషప్పు వేదగ్రంథములకు బదులు వైద్యగ్రంథములను చేతబెట్టెనట. కార్తేజి బిషప్పు మెన్సూరియసు తాను అప్పగించినవి మతభ్రష్టుల గ్రంథములే యని చెప్పుకొనెను. గ్రంథములు అప్పగించినవానిని లాటిను భాషలో 'ట్రాడిటరు' అనిరి. ఆంగ్లమున ద్రోహి యను అర్థముగల 'ట్రెయిటరు' అను మాట దీనినుండియే పుట్టినది.

హింస చల్లారినది, కాని అసలు చిక్కు అప్పుడే మొదలైనది. కత్తికి ఎదురు నిలిచినవాడును, తలుపు తెరచినవాడును మరల ఒకే పందిరి క్రింద కూర్చుండవలసి వచ్చినప్పుడు ఏమి జరుగును? 305 ప్రాంతమున నుమిడియా బిషప్పులు కొందరు సిర్తాలో సమావేశమైరి. పెద్దయగు సెకుండసు ఒక్కొక్కరిని నీవు గ్రంథము లిచ్చితివా యని నిలదీసెను. పుర్పూరియసు అను బిషప్పు, తన మేనల్లుండ్రను చంపిన నింద ఎత్తిచూపగా, చంపితిననియు, ఎదిరించువారిని చంపుదుననియు బదులుచెప్పి, సెకుండసు మాత్రము ఎట్లు విడుదలయ్యెనో చెప్పుమని ఎదురు ప్రశ్న వేసెను. లెక్కలు తీసిన మిగులువారు అరుదని గ్రహించి సెకుండసు తీర్పును దేవునికి విడిచెను. ఈ వృత్తాంతము ప్రతిపక్షమువారు భద్రపరచినదనియు, దానిని తరువాత రెండవ పక్షము కల్ల యని వాదించెననియు ఇచట చెప్పుట న్యాయము.

311 ప్రాంతమున మెన్సూరియసు మరణించెను. కార్తేజి ఆఫ్రికా అంతటికిని ప్రధాన పీఠము. నగరవాసులు త్వరపడి, ప్రధాన పరిచారకుడగు సెసీలియనును ఎన్నుకొనిరి. ఆప్టుంగా బిషప్పు ఫెలిక్సు అతనికి అభిషేకము చేసెను. నుమిడియా బిషప్పులు రాకముందే పని ముగిసినది. అది వారి మొదటి కోపము. రెండవది ఫెలిక్సు గ్రంథము లప్పగించినవాడన్న నింద. మూడవది లూసిల్లా.

లూసిల్లా ధనవంతురాలు, పలుకుబడి గలది. ప్రభువు భోజనమును స్వీకరించుటకు ముందు ఒక హతసాక్షి ఎముకను ముద్దుపెట్టుకొను అలవాటు ఆమెకు కలదు. సెసీలియను పూర్వమొకప్పుడు దానికై ఆమెను మందలించెను. ఆ మాట ఆమె మరువలేదు. 70 మంది బిషప్పులు కార్తేజికి వచ్చి సెసీలియను అభిషేకము చెల్లదని నిర్ణయించి, లూసిల్లా ఇంటివాడగు మేజోరినసును బిషప్పుగా నిలిపిరి. లూసిల్లా 400 ఫోలిసుల ధనము ఇచ్చినదనియు, అది బిషప్పులకే చేరెను గాని బీదలకు దక్కలేదనియు తరువాత న్యాయస్థానమున సాక్ష్యము వచ్చినది. మేజోరినసు కొలదికాలమునకే గతించెను. అతని స్థానమునకు వచ్చినవాడు డొనేటసు. దాదాపు నలుబది యేండ్లు నాయకత్వము వహించిన ఆ గొప్ప వక్త పేరనే ఆ పక్షమునకు డొనేటిస్టులని పేరు వచ్చినది.

అంతలో రోమా సామ్రాజ్యమే మారినది. 312లో కాన్‌స్టంటైను రోమును జయించి, క్రైస్తవులను ఆదరించి, సెసీలియనుకు 3000 ఫోలిసులు పంచుటకు పంపెను. ఎవరు నిజమైన బిషప్పు అన్న ప్రశ్నకు ఇప్పుడు ఖజానా కూడ తోడైనది. 313 ఏప్రిలులో సెసీలియను వ్యతిరేకులు చక్రవర్తికి విన్నపము పంపుకొనిరి. సంఘ వివాదమును రాజసింహాసనము ముందుంచినవారు వారే. 313 అక్టోబరులో రోము బిషప్పు మిల్టియాడెసు అధ్యక్షతను విచారణ జరిగినది. 314లో ఆర్లు నగరమున మహాసభ కూడినది. రెండుచోట్లను సెసీలియనే గెలిచెను. 315లో ఫెలిక్సు మీది నింద కూడ తేలిపోయినది. ఒక లేఖలో దొంగవ్రాత చేర్చి అతనిని దోషిగా చూపిరని రుజువైనది. 316లో చక్రవర్తియే తీర్పు చెప్పెను. తరువాత సైనికులను దింపెను. ప్రయోజనము లేక 321లో ఆ పక్షమును దేవుని తీర్పునకు వదలి ఊరకుండెను.

ఇంతకును వారు వాదించుకొనిన సిద్ధాంతమేమి? పురోహితుడు దుశ్శీలుడైనచో అతడు చేయించిన కర్మ ఫలించునా యన్న సందేహము మనకు క్రొత్త కాదు. డొనేటిస్టులు ఫలింపదనిరి. మలినమైన చేయి శుద్ధిని ఈయజాలదు. కనుక ద్రోహి యిచ్చిన బాప్తిస్మము బాప్తిస్మమే కాదు. అతడు అభిషేకించినవాడు బిషప్పు కాడు. తమలో చేరువారికి వారు మరల బాప్తిస్మ మిచ్చిరి. కార్తేజి బిషప్పుగా నుండి 258లో ప్రాణము లర్పించిన సిప్రియను, మతభ్రష్టుల బాప్తిస్మము చెల్లదని చెప్పియుండెను. ఆ మహనీయుని వారసులము తామే యని వారి నమ్మకము. ఆర్లు సభ వేరు మార్గము పట్టినది. గ్రంథము లప్పగించినట్లు రుజువైనవానిని పదవినుండి తొలగింపవలసినదే, కాని అతని చేతి అభిషేకములు నిలుచునని శాసించినది.

320లో న్యాయస్థానమున సిర్తా సోదా పత్రములను బిగ్గరగా చదివిరి. కాగు వెనుకనుండి వెండి తీసి యిచ్చిన సిల్వానసు అప్పటికి సిర్తాకే బిషప్పు, పైగా సెసీలియనును పడద్రోసినవారిలో ఒకడు! తోడివాడగు ఒక డీకను కలహించి ఈ రహస్యమును బయటపెట్టెను. అయినను ఉద్యమము సడలలేదు. న్యాయస్థానపు రుజువులతో జనుల మనస్సు మారుననుకొనుట కాన్‌స్టంటైను చేసిన పొరపాటు. పల్లెలలోని జనులకు డొనేటసు సంఘము తమ హతసాక్షుల సంఘము. 347లో ప్రభుత్వము పంపిన దూతలతో, చక్రవర్తికి సంఘముతో ఏమి పని యని డొనేటసు ప్రశ్నించెను. 313 నాటి విన్నపము అతనికి జ్ఞాపకము రాలేదు కాబోలు. ఆ యేడు రక్తము చిందినది. డొనేటసు ప్రవాసముననే మరణించెను. ఆ పక్షమునకు చెందిన సర్కంసెలియనులను మొరటు భక్తులు దుడ్డుకర్రలతో తిరిగి ప్రతిపక్షమువారిని బాధించిరి. హింస ఏ యొక్క వైపుననే లేదు.

395 ప్రాంతమున హిప్పో నగర బిషప్పయిన అగస్టీను ఈ కథకు చివరి నాయకుడు. బాప్తిస్మ మిచ్చువాడు క్రీస్తే గాని మానవుడు కాడు, పాత్ర మట్టిదైనను నీరు నీరే యన్నది అతని వాదమునకు సారము. ఇది బలమైన సమాధానమని నా అభిప్రాయము. లేకున్న ప్రతి భక్తుడును తన పురోహితుని అంతరంగమును శోధింపవలసి వచ్చును. మతవిషయమున బలాత్కారము తగదని మొదట నమ్మిన అగస్టీను, రాజశాసనముల భయముచేత తన స్వగ్రామమే దారికి వచ్చుట చూచి మనస్సు మార్చుకొంటినని 408 ప్రాంతమున ఒక లేఖలో వ్రాసెను. అచ్చట నా మనస్సు అతనిని అనుసరింపజాలదు. తరువాతి శతాబ్దములలో ఎందరో పీడకులు అతని వాక్యములనే ఆధారము చేసికొనిరి.

411 జూన్ 1, 3, 8 తేదీలలో కార్తేజిలోని గార్గీలియసు స్నానశాలయందు ఉభయపక్షముల బిషప్పులు ఎదురుబదురు నిలిచిరి. పక్షమునకు 280 మందికి పైబడినవారు. రాజప్రతినిధి మార్సెల్లినసు న్యాయాధిపతి. మాట్లాడుటకు పక్షమునకు 7గురు, పలికిన ప్రతి మాటను వ్రాసికొనుటకు త్వరలేఖకులు. డొనేటిస్టులు పాపులతో కూర్చుండమని నిలుచుండియే వాదించిరి. మొదటి దినము సంతకములను సరిచూచుటలోనే గడిచినది. ఒక్కొక్క బిషప్పు ముందునకు రాగా, అదే ఊరి రెండవ బిషప్పు అతనిని చూచి, ఇతనిని ఎరుగుదునని పలుకవలెను. ఒక శతాబ్దము పాటు ప్రక్కప్రక్క వీధులలో కాపురముండిన పగ అంతయు ఆ మాటలో వినబడును.

తీర్పు డొనేటిస్టులకు వ్యతిరేకముగా వచ్చినది. 412లో జరిమానాలు విధించిరి, ఆలయములు లాగికొనిరి. ఆ తీర్పు చెప్పిన మార్సెల్లినసునే 413లో రాజద్రోహపు అనుమానముతో తల నరికించిరి. 429లో వాండలులు ఆఫ్రికాలో దిగిరి, 439లో కార్తేజి వారి వశమైనది. ఏరియసు మతము నవలంబించిన ఆ క్రొత్త ప్రభువులు, డొనేటిస్టులపై గెలిచిన కాథలిక్కుల ఆలయములనే లాగికొనిరి. డొనేటిస్టులు మాత్రము పూర్తిగా మాసిపోలేదు. 6వ శతాబ్ది చివర రోము బిషప్పు గ్రెగరీ ఆఫ్రికాకు వ్రాసిన లేఖలలో వారిపై ఫిర్యాదులు ఇంకను కనబడుచున్నవి.