అసలు ఎవరి వద్ద నున్నది? పెద్దవూర సీమ పొదుపు చరిత్ర

హైదరాబాదు నుండి నాగార్జునసాగరమునకు పోవు దారిలో, కొండమల్లేపల్లి దాటిన పిమ్మట ఎఱ్ఱనేలల నడుమ వచ్చు పెద్దవూర, నేడు నల్లగొండ జిల్లాలో నొక మండల కేంద్రము. ఇచటి యువకుడు తన తొలి జీతములో కొంత మిగిల్చి ఏ ఫండులో వేయవలెను, ఏ యాప్ ద్వారా వేయవలెను అని అడిగినప్పుడు, అది నిన్న మొన్న పుట్టిన ప్రశ్న యని మనకు తోచును. కాని ధనమును పరుల చేతికిచ్చి దాని ఫలమును మాత్రము తాననుభవింపగోరు మనుష్యునికి కలుగు సంశయము ఈ సీమలో పదునేడు వందల యేండ్ల నాడే శిలాక్షరములలో సమాధానము పొందినది.

పెద్దవూరకు చేరువనే, కృష్ణ యొడ్డున, నేడు జలాశయగర్భమున మునిగియున్న లోయలో విజయపురి యను నగరముండెను. క్రీస్తుశకము మూడవ శతాబ్దమున ఇక్ష్వాకులకు అది రాజధాని. ఆ లోయలో బయల్పడిన ప్రాకృత శాసనములలో ‘అఖయనీవి’ యను మాట కనబడును, సంస్కృతమున అక్షయనీవి. దాత యొకడు కొంత ద్రవ్యమును వృత్తిశ్రేణుల వద్ద నిలిపి, ఆ మూలమును ఎవ్వరును ముట్టరాదనియు, దానిపై వచ్చు వృద్ధితోనే ధర్మకార్యము జరుగవలెననియు నియమించుటయే దాని యర్థము. ఆ ద్రవ్యమును స్వీకరించినవారు రాజులు కారు, సామంతులు కారు. తమలపాకులమ్ముకొను వారి శ్రేణి, పిండివంటలు చేయువారి శ్రేణి వంటి వృత్తిసంఘములు. ఈ పద్ధతి ఇంకను విపులముగా తెలియవలెనన్న నాసిక గుహలలోని ఉషవదాతుని శాసనమును చూడవలెను. క్షత్రప రాజైన నహపానుని యల్లుడైన ఆతడు మూడువేల కార్షాపణములను ఒక్కచోట నుంచక, రెండువేలు ఒక సాలెల శ్రేణిలో నెలకు నూటికొకటి చొప్పునను, వేయి మరియొక శ్రేణిలో నెలకు నూటికి ముప్పాతిక చొప్పునను ఉంచి, ఆ నిబంధనను నగరసభలో చదివి వినిపించి, ఫలకముపై నమోదు చేయించెను. ధనమును రెండుచోట్ల పంచుట, మూలమును ముట్టకుండుట, షరతులను పదిమంది యెదుట వ్రాయించుట: ఈ మూడును ఒక్క శాసనములోనే యిమిడియున్నవి. తరువాతి కాలములో ఈ సీమ ప్రజల సొమ్ము ఎక్కడెక్కడ చెడెనో పరిశీలించినచో, ఈ మూడింటిలో నేదో యొకటి లోపించినచోటనే చెడెనని నా నమ్మకము.

నిజాము పాలన నాటికి ఆ శ్రేణులు లేవు, ఆ ఫలకములును లేవు. సామాన్య సంసారి పొదుపు గుమ్మిలోని జొన్నలు, పాతరలోని ధాన్యము, భార్య మెడలోని వెండి. తండాలలోని లంబాడీ స్త్రీలకైతే రూపాయి బిళ్లలను గ్రుచ్చి ధరించిన హారములే బ్యాంకు. కఱవు వచ్చి గుమ్మి యడుగంటినపుడు షావుకారు గడపయో, దేశ్‌ముఖు గడియో తప్ప వేఱు గతి లేదు. అక్కడ ధాన్యము ‘నాగు’కు దొరకెడిది, పుట్టి తెచ్చుకొన్నవాడు పంట చేతికి రాగానే పుట్టిన్నర కొలువవలెను. లెక్క వ్రాయువాడు ఇచ్చినవాడే, ఆ పుస్తకమును దాచుకొనువాడును వాడే. వ్రేలిముద్ర వేసినవానికి అసలెంతయో మిత్తి యెంతయో తెలిసెడిది కాదు. సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలలో 1946 నాటికి రగిలిన సాయుధ పోరాటమునకు భూమి, వెట్టి ప్రధాన కారణములే యైనను, పల్లెలలో ప్రజలు ఆ అప్పుపత్రములను కూడ చింపివేసిరనుట మఱువరాదు.

1941లో స్థాపితమైన హైదరాబాదు స్టేట్ బ్యాంకు నిజాము రాజ్యపు నాణెమైన హాలీ సిక్కాను నిర్వహించుచు వచ్చెను. ఏడు హాలీ రూపాయలకు ఆరు కలదారు, అనగా బ్రిటిషు ఇండియా, రూపాయలు మారకము. 1956లో అది రిజర్వు బ్యాంకు చేతికి వచ్చి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు అయినది. ఐనను బ్యాంకు పట్టణములోని వస్తువే. 1951-52లో జరిగిన అఖిలభారత గ్రామీణ ఋణ పరిశీలన, దేశములో రైతు తెచ్చిన అప్పులో సహకార సంఘముల వాటా నూటికి మూడు పాళ్లేయని తేల్చినది. 1969లో పదునాలుగు బ్యాంకులు జాతీయమైన తరువాత, 1970ల నడుమ ఖమ్మము కేంద్రముగా నాగార్జున గ్రామీణ బ్యాంకు వెలసిన తరువాత గాని పాసుపుస్తకమన్నది ఈ పల్లెల రైతు చేతికి రాలేదు.

ఈలోపల నేల మారినది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన సాగరము నుండి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిరి. ఎడమకాలువ హాలియా, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడల వైపు సాగి, జొన్న పండిన చేలలో వరి పండించినది. మిర్యాలగూడలో రైసుమిల్లులు వరుసగా లేచినవి. వడ్లమ్మిన రొక్కము చేత నిలిచిన తొలితరము రైతు దానిని ఏమి చేయవలెనో యెఱుగడు. భూమి కొనెను, బంగారము కొనెను, నోటు వ్రాయించుకొని నూటికి రెండు మిత్తికి ఇచ్చెను. అన్నిటికంటె మిక్కిలిగా చీటీ వేసెను.

చీటీని తక్కువగా చూచుట నాకు నచ్చదు. ఇరువదిమంది కూడి నెలకు వేయి చొప్పున వేసికొని, పాటలో ఎక్కువ తగ్గించుకొన్నవాడు ఆ మొత్తము నెత్తుకొనగా, తగ్గిన సొమ్మును అందఱును పంచుకొను ఈ పద్ధతిలో అప్పు కావలసినవాడును, పొదుపు చేయువాడును ఒకే పంక్తిన కూర్చుందురు. బిడ్డ పెండ్లికో, బోరు వేయుటకో, ఏ బ్యాంకుకును లేని వేగముతో అది ఆదుకొన్నది. దాని బలము ముఖపరిచయము. దాని బలహీనతయు అదియే. చీటీ నడుపువాడు ఎత్తుకొని పోయిననాడు చేతిలో మిగులునది ఒక చిన్న పుస్తకములోని టిక్కులే. 1982 నాటి చిట్‌ఫండుల చట్టము రిజిస్ట్రారు వద్ద నమోదును, పూచీ డిపాజిట్టును విధించినది. నమోదు కాని చీటీలు మాత్రము ఊరూర సాగుచునే వచ్చినవి. ఉషవదాతుడు చేయించిన ఆ ఫలకము ఇక్కడ లోపించినది.

పదిమంది సొమ్మును ఒకచోట చేర్చి పలు పత్రములలో పెట్టు ఫండు పద్ధతి 1774లో ఆమ్‌స్టర్‌డాములో అబ్రహాం వాన్ కెట్విఖ్ అను వర్తకుడు ఆరంభించినది; ఐకమత్యమే బలమను అర్థము వచ్చునట్లు దానికి పేరిడెను. మనదేశమునకు అది యూనిట్ ట్రస్టు రూపమున 1964లో వచ్చినది. పది రూపాయల ముఖవిలువతో మొదలైన ఆ తొలి పథకము, యూఎస్-64, ప్రభుత్వమే వెనుక నున్నదను విశ్వాసముతో ఉద్యోగుల యిండ్లలో భవిష్యనిధికి సాటియైనది. కాని దాని ధరను ఆస్తుల విలువను బట్టి గాక సంస్థయే నిర్ణయించెడిది. లోపల నున్నదెంతయో మదుపరికి తెలియదు. 2001 జులైలో అమ్మకములు, తిరిగి కొనుగోళ్లు నిలిపివేయబడినపుడు గాని ఆ యజ్ఞానపు మూల్యము తెలియరాలేదు. అప్పటికే మార్కెట్టు నియంత్రణసంస్థయైన సెబీ 1996లో చేసిన నిబంధనలు ఇతర ఫండులకు వేఱు మార్గము విధించియుండెను: సొమ్మును నడుపు సంస్థ వేఱు, దానిపై కన్నుంచు ట్రస్టీలు వేఱు, పత్రములను భద్రపఱచు కస్టోడియను వేఱు, యూనిట్ విలువను ప్రతి వ్యాపారదినమునను ప్రకటింపవలెను. నడుపువాడే దాచుకొనరాదను ఈ విభజన, షావుకారు పుస్తకమునకు చట్టము చెప్పిన జవాబు.

ఐనను మధ్యవర్తి మిగిలెను. 1983లో హైదరాబాదున ఆరంభమై తెలుగుజిల్లాలలోని మదుపరులకు సుపరిచితమైన కార్వీ బ్రోకరు సంస్థ, ఖాతాదారులిచ్చిన అధికారపత్రమును ఆసరాగా గొని వారి షేర్లను తాకట్టు పెట్టెనని 2019 నవంబరులో సెబీ ఉత్తర్వు వెలువరించెను. 2023లో ఏడేండ్ల నిషేధమును విధించెను. ఈ నడుమనే, షేర్లు మదుపరి ఖాతాలోనే యుండి తాకట్టు నమోదగు పద్ధతి 2020 నుండి అమలులోనికి వచ్చినది. ఫండు యూనిట్లు, ఆ ఫండు లెక్కలు వ్రాయు రిజిస్ట్రారు పుస్తకములో మదుపరి పేరనే యున్నంతవఱకు, వాటిని కొనిపెట్టిన యాప్ రేపు మూతపడినను అవి చెడవు. యాప్ వాకిలి మాత్రమే, గుమ్మి కాదు.

ఆ వాకిలికి సుంకము కలదు. 2013 జనవరి 1 నుండి ప్రతి ఫండును మధ్యవర్తికి కమీషను లేని డైరెక్టు రూపమున కూడ లభింపవలెనని నియమము. నెలకు వేయి రూపాయలు ఇరువదియేండ్లు వేసినచో, ఏటికి నూటికి పండ్రెండు వంతున పెరిగినదనుకొనిన సుమారు 9,89,000 రూపాయలగును. అందొక్క రూపాయి ఖర్చు క్రింద పోయి పదునొకండే మిగిలిన సుమారు 8,66,000. ఆ వృద్ధి వచ్చితీరునని ఎవరును పూచీపడజాలరు. ఖర్చు మాత్రము తప్పక పోవును. కనుకనే 1976లో అమెరికాలో జాన్ బోగిల్ మార్కెట్టు సూచీనే అనుసరించు తక్కువ ఖర్చు ఫండును జనసామాన్యమునకు తెచ్చినది గొప్ప సంస్కారమని నేను తలంతును. క్రొత్తవాడు అట్టి యొక ఫండుతో మొదలిడుటలో తప్పులేదు.

పెద్దవూర, హాలియా, మిర్యాలగూడల యువకులారా! రాబడి యెంతయని అడుగుటకు ముందు, నా అసలు ఎవరి వద్ద నున్నది, ఎవరి పేర నున్నది, ఆ లెక్కను వ్రాయువాడు ఎవడు అని అడుగుడు. ఫండు రిజిస్ట్రారు లెక్కను, షేర్ల ఖాతాలుంచు డిపాజిటరీ లెక్కను సమన్వయించి, లావాదేవీ జరిగిన ప్రతి నెలకును మీకు వచ్చు ఏకీకృత ఖాతాపత్రమును యాప్‌లోని అంకెలతో సరిపోల్చుడు. నామినీ పేరు వ్రాయించుడు. చదువురాని తల్లిదండ్రులకు ఆ పత్రమును ఒక్కమారు చదివి వినిపించుడు.