ఫోర్సైత్ కౌంటీ: ఒక పరదేశపు తాలూకా చరిత్ర

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చారిత్రక వ్యాసమొకటి వ్రాయుమని కార్యవర్గమువారు కోరినప్పుడు, నేను మన ఊరి కైఫియతునే వ్రాయుదునని పలువురు తలచియుందురు. దానిని నాకంటె బాగుగ వ్రాయగల పెద్దలు కలరు. నేను మఱియొక సీమ సంగతి యెత్తుకొంటిని. మన గ్రామమునుండియు, చుట్టుప్రక్కల గ్రామములనుండియు అమెరికాకు పోయిన పిల్లలలో కొందఱిప్పుడు జార్జియా రాష్ట్రమున, అట్లాంటా నగరమునకు ఉత్తరముగా సుమారు 40 మైళ్ల దూరమున నున్న ఫోర్సైత్ కౌంటీలో ఇండ్లు కొని కాపురములు చేయుచున్నారు. వారి తలిదండ్రులు ఆరేసి నెలలు పోయి వచ్చి, అచ్చటి రోడ్ల వెడల్పును, పాల ధరను వర్ణించి చెప్పుదురు. ఆ భూమి తొలుత ఎవరిది, ఎట్లు చేతులు మాఱినది, అచ్చట పన్ను విధించువారెవరు, వసూలు చేయువారెవరు అని యడిగినచో చెప్పగలవారు కనబడరు. గ్రామలెక్కలలోనే తల నెరసినవాడను గనుక నాకు ముందు తోచునవి ఆ ప్రశ్నలే.

ఇట్టి ప్రశ్నలు తక్కువవి కావు. సభాపర్వమున నారదమహర్షి ధర్మరాజును చూడవచ్చి, కుశలమడుగు నెపమున కర్షకుల సంగతియు, పన్నుల సంగతియు, ఆయవ్యయములను లెక్కించి వ్రాయువారు దినదినము తమ పని చేయుచున్నారా యన్న సంగతియు వరుసగా నడుగును. (కరణములనుగూర్చి మన శతకకారులు చెప్పిన మాటలు పాఠకులకు తెలిసినవే. నారదుడు మాకు కొంత మర్యాద నిలిపెను.)

కౌంటీ యనగా, 1985లో మండలములు రాకమునుపు మనకున్న తాలూకా వంటిదని యనుకొనవచ్చును. జార్జియాలో ఇట్టివి 159 కలవు. అయితే మన తహశీల్దారు పైనుండి నియమింపబడి వచ్చువాడు. అచ్చటి ముఖ్యాధికారులను ప్రజలే ఓట్లు వేసి యెన్నుకొందురు. అది సామాన్యమైన భేదము కాదు. దానివలన కలిగిన మేలును, కీడును రెండును ఈ కౌంటీ చరిత్రలో చూడనగును.

ఆ నేల మొదట చెరోకీ జాతివారిది. వారు అనాగరికులని తలపరాదు. 1821 ప్రాంతమున సెకోయా యను నతడు వారి భాషకు లిపి కల్పించెను. 1828లో ఆ లిపితో వార్తాపత్రిక వెలువడినది. గ్రంథాలయ సంచికలో ఇంతకంటె చెప్పవలసిన ఘనత వేఱేమున్నది? కాని ఆ కొండలలో బంగారము దొరకినదన్న వార్త పుట్టెను. జార్జియా ప్రభుత్వము చెరోకీల భూమిని కొలిపించి, కొంత 160 ఎకరముల చెక్కలుగాను, బంగారము కలదనుకొన్న తావులలో 40 ఎకరముల చెక్కలుగాను విభజించి, 1832లో లాటరీ వేసి తెల్లవారికి పంచిపెట్టెను. చెరోకీలు ఇంకను తమ యిండ్లలోనే యుండిరి! ఆ యేటనే సుప్రీముకోర్టు, జార్జియా శాసనములు చెరోకీల భూమిపై చెల్లవని తీర్పు చెప్పెను. తీర్పు కాగితమున నిలిచినది. సర్వే గొలుసు నేలమీద నడచినది. 1832 డిసెంబరులో ఫోర్సైత్ కౌంటీ ఏర్పడినది. పూర్వము ఆ రాష్ట్రమునకు గవర్నరుగా నుండిన జాన్ ఫోర్సైత్ పేరు దానికి పెట్టిరి. 1838లో సైన్యము వచ్చి చెరోకీలను పడమటికి తోలివేసెను. ఆ ప్రయాణమున మరణించినవారు నాలుగు వేలమంది యని సాధారణముగా చెప్పుదురు.

ఇది మొదటి వెళ్లగొట్టుట. రెండవది 1912లో జరిగినది.

1910 జనాభా లెక్కల ప్రకారము ఆ కౌంటీలో నల్లజాతివారు 1,098 మంది యుండిరి. కూలీలు, కౌలుదార్లు మాత్రమే కాదు; సొంత భూములు గలవారు, చర్చీలు కట్టుకొన్నవారును కలరు. 1912 సెప్టెంబరులో ఒక తెల్లజాతి యువతి దారుణముగా కొట్టబడి, కొలది దినములకు మరణించినది. నేరము మోపబడినవారిలో రాబ్ ఎడ్వర్డ్స్ అను నతనిని ముఖ్యపట్టణమగు కమింగ్‌లో గుంపు జైలునుండి ఈడ్చి చంపినది. ఎర్నెస్ట్ నాక్స్, ఆస్కార్ డేనియల్ అను ఇద్దఱు బాలురను స్వల్ప విచారణ జరిపి అక్టోబరు 25న ఉరి తీసిరి. అంతటితో నాగలేదు. రాత్రివేళ గుఱ్ఱములపై తిరుగు గుంపులు చర్చీలను తగులబెట్టి, ఇండ్లపై తుపాకులు పేల్చి, కొలది మాసములలో నల్లవారినందఱిని కౌంటీ దాటించినవి. ఎన్నుకోబడిన అధికారులచ్చట నుండనే యుండిరి. వారిని ఎన్నుకొన్నవారే రాత్రివేళ గుఱ్ఱములెక్కిరి.

ఇక భూమి మాట. మన అడంగలులో పట్టాదారుని పేరునకు ఒక గడి, అనుభవదారుని పేరునకు ఒక గడి వేఱుగా నుండును. రెండు గడులలోను ఒకే పేరుండినచో కరణము సుఖముగా నిద్రించును. వేఱువేఱు పేర్లుండినచో ఆ రెండింటి నడుమ ఒక కథ యుండును. పాత్రికేయుడగు ఇలియట్ జాస్పిన్ 2007లోను, ఆ కౌంటీలోనే పెరిగిన కవి పాట్రిక్ ఫిలిప్స్ 2016లోను ప్రకటించిన గ్రంథములు ఫోర్సైత్‌లో ఆ నడిమి కథను వెదకినవి. కొందఱు నల్లజాతి రైతులు వచ్చినంతకు భూమి నమ్ముకొని పోయిరి. కొందఱకు అమ్ముటకును వ్యవధి లేకపోయెను. ప్రక్క పొలమువాడు కంచె జరిపి, దున్ని, పన్ను కట్టి, తనదేనని నడపుకొనెను. జార్జియా శాసనము ప్రకారము ఇరువది యేండ్లు ఎదురులేక అనుభవించినవానికి భూమి దఖలు పడును. ఏదేని వ్రాతపూర్వకమైన ఆధారము చేత నున్నచో ఏడేండ్లే చాలును. ఆ శాసనము దురుద్దేశముతో పుట్టినది కాదు. అట్టిది మనకును కలదు. కాని అడ్డు చెప్పవలసినవాడు కౌంటీలో అడుగుపెట్టినచో ప్రాణము పోవునన్నప్పుడు, ఎదురులేని అనుభవమన్న మాటకు అర్థమేమి? పన్ను రసీదులన్నియు సక్రమముగనే యుండును. లెక్కలో ఒక్క పైస తేడా రాదు. నావంటివానికి ఆ గ్రంథములు చదివిన పిదప కొన్నాళ్లు మనస్సు మనస్సులో లేదు.

తరువాతి ఏబది సంవత్సరములు త్వరగా దాటవచ్చును. పత్తికి పురుగు తగిలి నష్టము వచ్చెను. రైతులు క్రమముగా కోళ్ల పెంపకమునకు దిగిరి. చట్టహూచీ నదిపై బ్యూఫర్డ్ ఆనకట్ట 1950 దశకమున కట్టగా, సుమారు 38,000 ఎకరముల జలాశయమేర్పడి కౌంటీ తూర్పు అంచును ముంచెను. దానికి సిడ్నీ లానియర్ అను కవి పేరు పెట్టిరి. అతడు ఆ నదిపైననే ప్రసిద్ధమైన గేయము వ్రాసినవాడు. జలాశయమునకు కవి పేరు పెట్టు వాడుక నాకు నచ్చినది.

1987 జనవరి 17న, హోసియా విలియమ్స్ మొదలగువారు కొలదిమంది కమింగ్‌లో శాంతియాత్ర చేయబోగా, క్లాన్ దళమువారును స్థానికులు కొందఱును ఱాళ్లు, సీసాలు విసరిరి. వారము దినములకు, 24వ తేదీన, సుమారు 20,000 మంది వచ్చి నడచిరి. రక్షణకైన వ్యయము 6,70,000 డాలర్లకు మించినది. అందులో కౌంటీ భరించినది స్వల్పభాగమే. అయినను కమిషనర్లు భయపడి, ఇకమీదట ఊరేగింపునకు అనుమతి కోరువారు దినమునకు 1,000 డాలర్ల వఱకు రుసుము కట్టవలెనని నిబంధన చేసిరి. ఆ నిబంధనను కోర్టుకీడ్చినవారు నల్లవారు కారు. వారికి విరోధులైన నేషనలిస్ట్ మూవ్‌మెంట్ అను సంఘమువారు! వారినుండి కోరిన రుసుము 100 డాలర్లు. వ్యాజ్యము సుప్రీముకోర్టు వఱకు పోయి, 1992లో అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురొకవైపు కాగా, ఆ నిబంధన కొట్టివేయబడినది. శ్రోతలు ఎంత కోపగింతురో అంచనా వేసి దానినిబట్టి వక్తకు రుసుము కట్టరాదని తీర్పు. అప్రియులైనవారు తెచ్చిన వ్యాజ్యమున అందఱి హక్కు నిలిచినది. నూఱు డాలర్ల పద్దునకు ఇంతటి ఫలము కలుగుట అరుదు.

అటుపిమ్మట నగరము పొంగి పైకి వచ్చెను. 1990లో 44,083గా నున్న జనసంఖ్య 2000లో 98,407, 2010లో 1,75,511, 2020లో 2,51,283. అందు నూటికి 18 మంది ఆసియా ఖండమూలమువారు. వారిలో తెలుగువారు విస్తారము. కోళ్ల ఫారములున్నచోట వరుస యిండ్ల కాలనీలు వెలసినవి.

పాలన యిట్లు జరుగును. అయిదు భాగములనుండి అయిదుగురు కమిషనర్లను నాలుగేండ్లకొకసారి ఎన్నుకొందురు. వారు నియమించిన మేనేజరు దినదిన వ్యవహారము చూచును. షెరీఫును, పన్ను వసూలు చేయు కమిషనరును, దస్తావేజులు భద్రపఱచు కోర్టు క్లార్కును ప్రజలు వేఱుగా ఎన్నుకొందురు. పాఠశాలలకు మఱియొక బోర్డు. ఇంటి పన్ను లెక్క మనవారికి చెప్పుట సుఖము: విపణిలో ఇంటి విలువ 5,00,000 డాలర్లనుకొనుడు. అందు నూటికి 40 వంతున 2,00,000 పన్నుకు లెక్కింతురు. వేయికొక డాలరును ‘మిల్లు’ అందురు గనుక, ఒక్కొక్క మిల్లునకు 200 డాలర్లు కట్టవలెను. అందులో పెద్దభాగము బడులకు పోవును. విలువ హెచ్చుగా కట్టిరనిన, నోటీసు వచ్చిన 45 దినములలో అప్పీలు చేసికొనవచ్చును. వినువారు అధికారులు కారు. గ్రాండ్ జ్యూరీ నియమించిన పౌరులు. ఈ యేర్పాటు మన జమాబందిలో నుండినచో ఎన్ని పితూరీలు తగ్గియుండునో!

అచ్చటి జగడములన్నియు తఱచు భూమిచుట్టునే తిరుగును. పొలమును ఇండ్లస్థలముగా మార్చుటకు బహిరంగ విచారణ జరుపవలెను. కావలెనన్నవారి పక్షమునకును వలదన్నవారి పక్షమునకును ఒక్కొక్క పక్షమునకు పది నిమిషములకు తగ్గకుండ సమయమీయవలెనని రాష్ట్రశాసనము. ఈ వృద్ధిని కమిషనర్లు అదుపుచేయలేరని కినిసి, దక్షిణభాగమువారు షారన్ స్ప్రింగ్స్ అను క్రొత్త పట్టణముగా వేఱుపడజూచిరి. 2018 మే నెలలో ఓటు పెట్టగా, నూటికి 54 మంది ఔననిరి, కాని 57.5 రావలెనని ముందే నియమము పెట్టియుండుటచే అది వీగిపోయెను. ఇప్పటికిని కౌంటీలో పురపాలకము గల పట్టణము కమింగ్ ఒక్కటే. దానికి ఫోర్డ్ గ్రావిట్ అను నతడు 1970 మొదలు 2017 వఱకు మేయరుగా నుండెను. 2012లో సభను చిత్రించుచున్న ఒక స్త్రీని బయటికి పంపగా, రాష్ట్ర అటార్నీ జనరలే దావా వేసెను. 2014లో పట్టణము 12,000 డాలర్లు చెల్లింపవలెనని కోర్టు తీర్చెను. సభ యనగా తలుపు తెఱచియుండవలెను గదా.

గ్రంథాలయముల సంగతి కూడ నొకటి. 2022 మొదట కౌంటీ పాఠశాలల పుస్తకశాలలనుండి కొన్ని పుస్తకములను, శృంగారవర్ణనలు కలవని తీసివేసిరి. కొన్ని నెలలకు వానిలో చాలవఱకు మఱల పెట్టిరి. పుస్తకములు తీయవలెనన్న తల్లులు, బోర్డు సభలో ఆ పుట్టలు చదివి వినిపింపబోగా అధ్యక్షులు అడ్డుపడిరి. అట్లు అడ్డుట చెల్లదని ఆ యేటనే ఫెడరల్ కోర్టు చెప్పినది. పుస్తకము తీయుట తప్పని నా అభిప్రాయము. మన ప్రబంధములనే ఆ త్రాసున తూచినచో బీరువాలో నేమి మిగులును? అయినను ఆ తల్లుల నోరు మూయుటయు తప్పే.

మనవారి స్థితి వింతయైనది. ఇల్లు కొన్ననాటినుండి పన్ను కట్టుదురు. పౌరసత్వము వచ్చువఱకు ఓటు లేదు. అందుకు పది, పదునైదేండ్లు పట్టినవారు కలరు. అయినను విచారణసభలో లేచి మాటలాడుటకు పౌరసత్వము అడుగరు. కొందఱు మాటలాడుచున్నారు; పెక్కుమందికి ఆ సభ జరుగు తేదీయే తెలియదు.

1912 నాటి హత్యను తెలుపు ఫలకమును 2021లో కమింగ్ నడిబొడ్డున నిలిపిరి. వెళ్లగొట్టబడినవారి సంతతికి విద్యార్థి వేతనములిచ్చుటకు అచ్చటి చర్చీలవారు నిధి చేర్చిరి.  భూములమాట ఎత్తుట సులభము కాదు. అచ్చట ఇల్లు కొనునప్పుడు వకీలు ఏబది యేండ్ల వెనుకటి వఱకు దస్తావేజులు చూచుట వాడుక. 1912 అంతకు చాల ఆవల నున్నది. కోర్టు క్లార్కువద్ద పాత పుస్తకములు ఎవరైనను చూడవచ్చునని తెలిసి, మన ఊరి పిల్లవానికొకనికి, నీ యింటి స్థలపు దస్తావేజులు ఎంత వెనుకకు పోవునో చూడుమని వ్రాసితిని. “బాబాయిగారూ, కాలనీ వేసిన కంపెనీకి ముందు కోళ్ల రైతు, అతనికి ముందు అతని తండ్రి. తండ్రికి అమ్మినవాని పేరు ఇంకను దొరకలేదు. మఱల సెలవు దొరకినప్పుడు పోయి చూచెదను” అని అతడు జవాబు వ్రాసినాడు.