చెక్కులో చిక్కిన రాజు

బ్రిటన్‌లో ఆర్థిక మంత్రిని ‘ఛాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్’ అంటారు. వినడానికి మహా గంభీరమైన పదవి. ఆ పేరు విప్పి చూస్తే లోపల చదరంగం బల్ల ఉంది! పాత ఫ్రెంచిలో ‘ఎషెకియే’ అంటే చదరంగం బల్లే. ఏటా బడ్జెట్ చదివే పెద్దమనిషిని పన్నెండో శతాబ్దపు గళ్ల బల్ల పేరుతో పిలుస్తున్నారని తెలిశాక ఆ బల్ల నన్ను వదల్లేదు. దాని చుట్టాలెవరా అని ఆరా తీస్తే బ్యాంకు చెక్కు, గళ్ల చొక్కా, బస్సులో టికెట్ చెకింగ్, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు అన్నీ ఒకే ఇంటివని తేలింది. ఆ ఇంటి పెద్ద ఒక రాజు.

ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం ఉన్న మన చతురంగం పర్షియా వెళ్లి ‘చత్రంగ్’ అయింది. అరబ్బుల చేతిలో పడి ‘శత్రంజ్’ అయింది. ఎదుటివాడి రాజు మీదికి పావును నడిపినప్పుడు పర్షియన్లు ‘షా’ అని హెచ్చరించేవారు. షా అంటే రాజు. ఇక రాజుకు తప్పించుకునే దారే లేకపోతే ‘షా మాత్’. అరబీలో ‘మాత’ అంటే చనిపోయాడు కాబట్టి రాజు చచ్చాడని కొందరు అర్థం చెబుతారు. పర్షియన్ మాట ప్రకారం రాజు దిక్కుతోచక నిలిచిపోయాడు. నా ఓటు రెండోదానికే. చదరంగంలో రాజును ఎవరూ చంపరు, కదలనివ్వరు, అంతే. మనం ‘ఆటకట్టు’ అనేదీ అందుకే కదా.

ఆట స్పెయిన్, సిసిలీల మీదుగా యూరప్ చేరింది. షా కాస్తా లాటిన్‌లో ‘స్కాకస్’, పాత ఫ్రెంచిలో ‘ఎషెక్’, ఇంగ్లీషులో ‘చెక్’ అయింది. అదే మాట బహువచనంలోంచి ‘చెస్’ పుట్టింది. రాజును నిలువరించే అరుపు కనుక చెక్ అంటే ముందు ఆపడం, ఆపైన అదుపు చేయడం, చివరికి సరిచూడటం. ఇప్పుడు పోటీల్లో చెక్ అని పైకి చెప్పాలన్న నియమం లేదు. కోనేరు హంపి అయినా, అర్జున్ ఇరిగైసి అయినా ఎత్తు వేసి ఊరుకోవచ్చు. బల్ల దగ్గర సద్దుమణిగిన ఆ అరుపు మన పత్రికల శీర్షికల్లో మాత్రం రోజూ వినిపిస్తుంది: అక్రమాలకు చెక్, ఆధిపత్యానికి చెక్, ఆఖరికి చుండ్రుకు కూడా చెక్.

సరే, నాకు ఇష్టమైన చోటికి వద్దాం. మొదటి హెన్రీ కాలంలో, 1110 నాటికే ఇంగ్లండులో ఎక్స్‌చెకర్ పేరు రికార్డుకెక్కింది. అక్కడ ఏం జరిగేదో 1170ల చివర్లో రిచర్డ్ ఫిట్జ్‌నీల్ అనే కోశాధికారి గురుశిష్య సంవాదంలా ఒక పుస్తకం రాసిపెట్టాడు. పది అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు ఉన్న బల్ల. పావులు జారిపడకుండా చుట్టూ నాలుగు వేళ్ల ఎత్తున అంచు. పైన నల్లని గుడ్డ, దాని మీద జానెడు దూరానికో గీత. ఈ గుడ్డను ఏటా ఈస్టర్‌కి కొత్తగా కొనేవారట. ఏడాదికి రెండుసార్లు, ఈస్టర్‌కీ మైకేల్మస్ పండుగకీ, జిల్లాల నుంచి షెరీఫులు శిస్తు సొమ్ముతో వచ్చి ఈ బల్ల ముందు కూర్చునేవారు. ఒక గడి పెన్నీలకు, ఒకటి షిల్లింగులకు, ఒకటి పౌండ్లకు, ఆపైన ఇరవైలకు, వందలకు, వేలకు. రావలసింది ఒక వరసలో, ఇచ్చింది ఇంకో వరసలో పావులుగా పేర్చి తీసివేత చేసేవారు. దీనికి చదరంగం పేరెందుకు పెట్టారని శిష్యుడు అడిగితే, ఇక్కడా ఇద్దరి మధ్య యుద్ధమే, ఒకవైపు కోశాధికారి, ఇంకోవైపు షెరీఫు అని గురువు వివరిస్తాడు. బల్ల ముందు చెమటలు పట్టేది ఎవరికో వేరే చెప్పాలా!

ఇంత తతంగం ఎందుకంటే వాళ్లవి రోమన్ అంకెలు. వాటితో కాగితం మీద కూడికే కష్టం, తీసివేత మరీ కష్టం. ఖాళీ గడి వాళ్లకు సున్నా పని చేసి పెట్టేది. మన అంకెలను యూరప్‌కు నేర్పిన ఫిబొనాచి పుస్తకం 1202లో గానీ రాలేదు. మన సున్నా ఇంకా దారిలో ఉండగానే, మన ఆట బల్ల ముందే వెళ్లి దాని పని చక్కబెట్టింది. చరిత్రలో ఇంతకన్నా ముచ్చటైన ముచ్చట నేను చదవలేదు.

సొమ్ము కట్టినవాడికి రసీదు కావాలి. చదువు రానివాళ్లే ఎక్కువ కనుక కర్రముక్క మీద గాట్లు పెట్టి ఇచ్చేవారు. పాలు పోసినప్పుడల్లా గోడ మీద బొగ్గు గీత పెట్టే లెక్క లాంటిదే. కాకపోతే ఇక్కడ గాటు కొలతలకూ చట్టం ఉంది: వెయ్యి పౌండ్లకు అరచేతి మందం గాటు, వందకు బొటనవేలంత, ఇరవైకి చిటికెన వేలంత, ఒక పౌండుకు బార్లీ గింజంత. తర్వాత కర్రను నిలువునా చీల్చి ఒక ముక్క కట్టినవాడికి, ఇంకో ముక్క ఖజానాకు. వివాదం వస్తే రెండూ కలిపి చూడటమే. ఏ దొంగ సంతకమూ కర్ర చారలను అనుకరించలేదు. ఈ కర్ర పేరు ‘టాలీ’. మన గుమాస్తా సాయంత్రం ‘లెక్క టాలీ కాలేదండీ’ అని తల పట్టుకున్నప్పుడు అతకనిది ఆ రెండు ముక్కలే. ఖజానా దగ్గర ఉండే ముక్క పేరు ‘ఫాయిల్’. చెక్కుబుక్కులో కౌంటర్ ఫాయిల్‌కు ఆ పేరు అక్కడిదే.

కర్రల లెక్కను రద్దు చేస్తూ 1782లో చట్టం చేశారు గానీ, పాత ఉద్యోగులు పోయేదాకా ఆగి 1826లో ఆపారు. సర్కారు నిదానం అన్ని దేశాల్లోనూ ఒకటే. మిగిలిన రెండు బండ్ల కర్రలను 1834 అక్టోబర్ 16న ప్రభువుల సభ కింది పొయ్యిల్లో వేసి తగలబెట్టారు. పొగగొట్టాలు వేడెక్కి సాయంత్రానికి పార్లమెంటు భవనమే అంటుకుంది. ఉభయ సభల మందిరాలూ బూడిదయ్యాయి. ఆ కర్రలు పేదల ఇళ్లలో వంటచెరకుగా పనికొచ్చేవి కదా అని 1855లో చార్లెస్ డికెన్స్ ఒక ఉపన్యాసంలో ఎద్దేవా చేశాడు. నా బాధ వేరు. చదువు రానివాడు వేలితో తడిమి సరిచూసుకోగల లెక్క అది. తర్వాత వచ్చిన కాగితాల్లో ఒక్కటైనా అతనికి ఆ పాటి గౌరవం ఇచ్చిందా?

గళ్ల గుడ్డ సంగతి కొంచెం. బల్ల పేరు గుడ్డకెక్కి, గళ్లున్న బట్టంతా ‘చెక్స్’ అయింది. మన చీరాల మగ్గాల మీద నేసిన గళ్ల రుమాళ్లు మద్రాసు పేరుతో ఓడలెక్కి పశ్చిమ ఆఫ్రికా దాకా పోయాయి. నైజర్ డెల్టాలోని కలబారీ ఆడవాళ్లు మద్రాసు గళ్ల బట్టలో దారాలు కత్తిరించి, లాగి, కొత్త డిజైన్లు తీస్తారు. వాళ్ల కళ అది. నేసినవాళ్ల ఊరు పేరు మాత్రం ఓడ ఎక్కలేదు. చీరాల అని రాసి ఉంటే ఎవరి సొమ్మేం పోయేది?

ఇక చెక్కు. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో ‘చెక్’ అంటే సొమ్ము చీటీ కాదు, దాని కౌంటర్ ఫాయిల్. దొంగ చీటీ వస్తే దానితో సరిచూసి ఆపడానికి. క్రమంగా పేరు సగం నుంచి అసలు చీటీకి పాకింది. ఇంగ్లీషువాళ్లు ఎక్స్‌చెకర్ మీద మోజుతో చివర ‘క్యూయూఈ’ తగిలించారు. అమెరికావాళ్లు ఆ తోక లేకుండానే రాస్తారు, పైగా హోటల్ బిల్లునూ చెక్ అంటారు. మన శిల్పి చెక్కే చెక్కుడుకూ, చెక్ రిపబ్లిక్‌కూ దీనితో చుట్టరికం లేదు. చెక్క మీద చెక్కిన లెక్క చెక్కయిందని ఎవరైనా చెబితే నవ్వి వదిలేయండి.

2021 జనవరి 1 నుంచి మన రిజర్వు బ్యాంకు ‘పాజిటివ్ పే’ తెచ్చింది. 50 వేల రూపాయలు, ఆపైన చెక్కు రాసినవారు నంబరు, తేదీ, పేరు, మొత్తం బ్యాంకుకు ముందే తెలిపితే, చెక్కు వచ్చాక రెండూ కలిపి చూస్తారు. చీల్చిన కర్రను మళ్లీ కలపడం తప్ప ఇది మరొకటి కాదు. ఫోన్లు వచ్చాక చెక్కు రాసేవారు తగ్గుతున్నారు. మీ ఇంట్లో నాన్నగారి పాత చెక్కుబుక్కులు ఉంటే, ఖాతా ఎప్పుడో మూసేశారు కదా అని తూకానికి వేయకండి. ఎవరికి, ఎప్పుడు, ఎంత, ఎందుకు ఇచ్చారో ఆయన చేతిరాతతో ఆ కౌంటర్ ఫాయిళ్ల మీద ఉంటుంది.