మినీ కారులో నీటి లీకు
అలెక్ ఇసిగోనిస్ రూపకల్పనతో బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ 1959 ఆగస్టులో విడుదల చేసిన తొలి మినీల్లో వాన పడితే కార్పెట్లు తడిసిపోయేవి. ముందు ఫ్లోరు రేకుల అతుకు తప్పుదిశలో ఉండటంతో చక్రాలు చిమ్మిన నీరు లోపలికి చేరేది. తర్వాత దాన్ని సరిచేశారు. పాతబడిన మినీల్లో అద్దం చుట్టూ ఉండే రబ్బరును, తుప్పు చిల్లులను ముందుగా అనుమానించాలి. తడి కనిపించిన చోటే లీకు ఉందనుకోవడం పెద్ద పొరపాటు: రేకు మడతల వెంట నీరు చాలా దూరం పాకుతుంది. కార్పెట్లన్నీ తీసేసి, ఒకరు లోపల టార్చితో చూస్తుండగా మరొకరు బయట పైపుతో కింది నుంచి పైకి కొద్దికొద్దిగా తడపాలి. పైనుంచి మొదలుపెడితే జారే నీరు అసలు చోటును దాచేస్తుంది. హీటరులోంచి కూలెంట్ కారినా కార్పెట్ తడుస్తుంది. ఆ తడి జిడ్డుగా, తీపి వాసనతో ఉంటుంది.